ఎండిన నోటి వాంగ్మూలం

గురువారం ఉదయం పది దాటి అయిదు నిమిషాలకు, ఇస్మాయిలియా ఆసుపత్రి మూడో అంతస్తులో, ఖైదీల గది తలుపు అద్దంలోంచి షహాతాను చూశాను. నిద్రపోతున్నాడు. ఎడమ చెవి కింద దవడ నిమ్మకాయంత వాచి ఎర్రబారింది. పెదవులు పగిలి, మూలల్లో నెత్తురు గడ్డకట్టింది. మంగళవారం సాయంత్రం నా గదిలో నేరం ఒప్పుకున్నప్పుడు ఆ వాపు లేదు.

"రాగిబ్ బాషా అంటే మీరేనా?"

వెనక్కి తిరిగాను. ఇక్కడ పోలీసు అధికారిని బాషా అనే పిలుస్తారు. తెల్లకోటు, తలకు బూడిదరంగు రుమాలు, చేతిలో చిన్న ప్లాస్టిక్ పెట్టె. ముప్పై అయిదేళ్లుంటాయి.

"నా పేరు సుహైర్. చనిపోయిన ప్రొఫెసర్ ఫిక్రీ గారి దగ్గర పరిశోధన చేస్తున్నాను. లాలాజల గ్రంథుల మీద. ఒక్క మాట అడగొచ్చా?"

"అడగండి."

"షహాతా బాబాయ్‌కి నీళ్లివ్వకుండా ఎన్ని గంటలు కూర్చోబెట్టారు?"

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఇలాంటి ప్రశ్నకు చెప్పే జవాబులు నా దగ్గర చాలానే ఉన్నాయి. ఆ ఉదయం వాటన్నిటినీ పక్కనపెట్టాను.

"ఆరు," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కేసు తేలికైనదనే అనుకున్నాం. సోమవారం మధ్యాహ్నం మూడూ అయిదుకు ప్రొఫెసర్ ఫిక్రీ తన ప్రయోగశాలలో బల్ల మీద తలవాల్చి చనిపోయి కనిపించారు. పక్కన సగం తాగిన టీ గ్లాసు. ఆ టీలో లాలాజలం ఊరించే మందు, ప్రాణం తీసేంత మోతాదులో ఉందని పరీక్షల్లో తేలింది. టీ తెచ్చినవాడు ల్యాబ్ అటెండర్ షహాతా. తెచ్చింది రెండూ పదికి. శవం కనిపించేదాకా గదిలోకి ఇంకెవరూ వెళ్లలేదని సాక్ష్యం.

మంగళవారం షహాతాను ఎదురుగా కూర్చోబెట్టి బలాదీ గోధుమ రొట్టె, ఉడికిన గుడ్డు పెట్టాను. ముక్క కొరికి నోట్లోనే తిప్పాడు, మింగలేకపోయాడు. నాలుక అంగిటికి అతుక్కుపోయి మాట చప్పుడు చేసుకుంటూ వస్తోంది. రెండు నిమిషాలకోసారి నీళ్లడిగాడు. నాకు లోపల సంబరమైంది. మా తాత ఎడారి తెగ మనిషి. వాళ్ల పంచాయతీలో దొంగ ఎవరో తేల్చాలంటే ఎర్రగా కాల్చిన గరిటెను నాలుకతో తాకించేవాళ్లు. తప్పు చేసినవాడికి భయంతో నోరెండిపోతుంది, నాలుక కాలుతుంది. నిజాయితీపరుడి నాలుక తడిగా ఉంటుంది, బతికిపోతాడు. ఆ లెక్క నా రక్తంలో ఉంది. నీళ్ల జగ్గు నా వైపుకు జరుపుకుని, "నా అనుమతి లేకుండా ఏదీ నోట్లో పెట్టొద్దు. నిజం చెప్పు, జగ్గు మొత్తం తాగు," అన్నాను.

ఆరో గంటలో చెప్పాడు. నేను ఏం చెప్పమంటే అదే చెప్పాడు. సంతకం పెడుతున్నప్పుడు కూడా అతని కంట చుక్క నీరు రాలేదు. ఎంత రాతిగుండె మనిషి అనుకున్నాను.

"ఆయన ఏడవలేడు," అంది సుహైర్, నేనిదంతా చెప్పాక. "ఆయన జబ్బే అది. ఒంటిని కాపాడాల్సిన శక్తి దారితప్పి లాలాజల గ్రంథుల మీద, కన్నీటి గ్రంథుల మీద పడి తినేస్తుంది. తొమ్మిదేళ్లుగా ఆయన నోట్లో తడి లేదు. రాత్రి మూడుసార్లు లేచి నీళ్లు తాగుతాడు. మా పరిశోధనలో ఆయన పదిహేడో నంబరు రోగి."

"నాకు చెప్పలేదే."

"మీరు అడిగారా?"

పెట్టెలోంచి గీతలు కొట్టిన సన్నని కాగితపు ముక్క తీసింది. "నాలుక కింద పెట్టుకోండి. అయిదు నిమిషాలు."

కారిడార్‌లో, కానిస్టేబుల్ చూస్తుండగా, పెట్టుకున్నాను. గడియారం చూసుకుని తీసింది. తడి ఏడో గీత దగ్గర ఆగింది.

"మామూలు మనిషికి ఇరవై అయిదు గీతలు దాటాలి. మీది ఏడు. మీరూ దోషే అనుకోవాలా?"

"భయంగా ఉంది," అన్నాను. "సిగ్గుగా ఉంది."

"అందుకే ఎండింది. అరగంటలో మళ్లీ ఊరుతుంది. ఆయనకి ఊరదు. నీళ్లు కూడా అందకపోతే గ్రంథిలో చీము పడుతుంది. ఆ దవడ వాపు అదే."

కానిస్టేబుల్‌ను పిలిచి, లోపలున్న మనిషికి నీళ్లు ఎప్పుడు ఎన్ని కావాలంటే అన్ని ఇవ్వమన్నాను. అతను "ఇప్పటికే ఇస్తున్నాను బాషా," అన్నాడు, నా వైపు చూడకుండా.

మెట్లు దిగుతూ ఆమెను ప్రశ్నించడం మొదలుపెట్టాను.

"ఈ సంగతి మంగళవారమే ఎందుకు చెప్పలేదు?"

ఆమె మెట్టు మీదే ఆగింది. "ఇంట్లో ఉన్నాను."

"ఆయన్ని పట్టుకెళ్లారని తెలుసా?"

"తెలుసు."

"నోరెండే జబ్బని తెలుసు. పోలీసులు ఎలా అడుగుతారో తెలుసు. రెండు రోజులు ఇంట్లో కూర్చున్నారు."

"ల్యాబుకి పదండి," అంది. "అక్కడ చూపిస్తే గానీ చెప్పలేను."

ప్రయోగశాలకు చేరేసరికి పదకొండుకు పది నిమిషాలు తక్కువ. తలుపుకు మేం వేసిన సీలు తీసి ఉంది. లోపల ఫిక్రీ గారి కుర్చీలోనే కూర్చుని మేజర్ షల్కామీ ఎర్రటి కర్కదే పూల షర్బత్ తాగుతున్నాడు. షల్కామీది, నాది ఒకే బ్యాచ్. పదోన్నతి జాబితాలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి, ఖాళీ ఒక్కటే.

"ఏమయ్యా రాగిబ్, కేసు ముగిసిపోయాక చుట్టపుచూపుగా వచ్చావా?"

"ఆ కుర్చీలోంచి లే. అది నేరం జరిగిన చోటు."

"నేరం నువ్వే తేల్చావుగా. వాంగ్మూలం ఈ పొద్దునే ప్రాసిక్యూటర్‌కి పంపించేశాను. మంచి పని చేశావని నలుగురిలో చెప్పాను కూడా." సుహైర్ వైపు చూశాడు. "ఈ డాక్టరమ్మ ఎవరు?"

"సాక్షి."

"ఇంకా సాక్షులెందుకు? ఉరి ఒకటే కదా వేసేది."

సోమవారం ఈ గదిలో మేం చూసిందల్లా టీ గ్లాసు ఒక్కటే. ఈసారి గ్లాసును వదిలేసి మిగతా గది చూశాను. కిటికీ పక్కన చిన్న త్రాసు. పక్కన మూతలున్న పొడవాటి ప్లాస్టిక్ గొట్టాలు. త్రాసు కింది అరలో నల్ల అట్ట రిజిస్టరు. గోడవార ఫ్రీజరు.

"మీ పని ఎలా సాగుతుందో చెప్పండి," అన్నాను సుహైర్‌తో. "నాకేమీ తెలియదనుకుని చెప్పండి."

"రోగి గంటన్నర ముందు నుంచీ ఏమీ తినకూడదు, తాగకూడదు. తర్వాత కుర్చీలో కూర్చుని, తల కొంచెం వంచి, పదిహేను నిమిషాల పాటు నోట్లో ఊరిందంతా ఈ గొట్టంలోకి వదలాలి. గొట్టం తూచి బరువు రాస్తాం. మందు వేశాక మళ్లీ అంతే. గ్రంథి ఎంత పనిచేస్తోందో ఆ బరువే చెబుతుంది. ఆరోగ్యవంతుడి లెక్క కూడా కావాలి కదా. దానికి ఫిక్రీ గారు తన నోరే ఇచ్చేవారు. ప్రతి సోమవారం ఒంటిగంటకు మాత్ర వేసుకుని, ఒకటిన్నరకు కుర్చీలో కూర్చునేవారు."

"ఏ మాత్ర?"

"మేం పరీక్షిస్తున్న మాత్రే. డాక్టర్ హాతిమ్ తయారుచేసింది. మా విభాగంలో ఫిక్రీ గారి తర్వాత ఆయనే."

రిజిస్టరు తెరిచాను. ఫిక్రీ గారి దస్తూరీ బారులు తీరిన చీమల్లా ఉంది. సోమవారాల వరస మీద వేలు పెట్టి కిందికి దించాను. ఎనిమిది గ్రాములు. ఏడున్నర. ఎనిమిది. ఎనిమిదింబావు. చనిపోయిన సోమవారం దగ్గర వేలు ఆగింది. ఒకటీ నలభై అయిదు అని సమయం. బరువు పంతొమ్మిది. పక్కన ప్రశ్నార్థకం. కింద అక్షరాలు వంకర తిరిగిన ఒక వరస: ఒకటీ యాభై రెండు. చెమట. చూపు మసక.

"షల్కామీ, ఇటు రా."

షర్బత్ గ్లాసు పట్టుకునే వచ్చాడు.

"షహాతా టీ తెచ్చింది ఎన్నింటికి?"

"రెండూ పదికి. నువ్వే రాశావు."

"ఒకటీ నలభై అయిదుకే ఈయన నోట్లో మామూలు కంటే రెట్టింపు దాటి ఊరింది. ఒకటీ యాభై రెండుకి చెమటలు పట్టాయి. మందు అప్పటికే ఒంట్లో ఉంది. టీ అప్పటికి కాగనైనా లేదు."

"ముసలాయన లెక్క తప్పు రాసుకున్నాడేమో."

సుహైర్ ఫ్రీజరు తెరిచి సోమవారం తేదీ వేసిన పెట్టె తీసింది. ఫిక్రీ గారి పేరున్న గొట్టాన్ని త్రాసు మీద పెట్టింది. ఖాళీ గొట్టం బరువు తీసేస్తే పంతొమ్మిది. షల్కామీ రెండుసార్లు చూశాడు.

"షహాతా ముందే వచ్చి వేరే దాంట్లో కలిపి ఉండొచ్చు," అన్నాడు.

"గేటు పుస్తకం సోమవారమే తెప్పించాను, చదవలేదు. ఇందాక కారులో వస్తూ చదివాను. పదకొండున్నరకు ఐసు తేవడానికి బయటికి వెళ్లాడు. తిరిగొచ్చింది ఒకటీ యాభై అయిదుకి. వేలిముద్ర ఉంది."

"మరి టీలో మందు?"

"తర్వాత కలిపారు. అసలు శవాన్ని మొదట చూసి, టీని పరీక్షించమని మనకి చెప్పిందెవరు?"

షల్కామీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "డాక్టర్ హాతిమ్."

"ఆ మాత్రల బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

ఈసారి జవాబు సుహైర్ చెప్పింది. "హాతిమ్ గారి దగ్గరే. సోమవారం మాత్ర కూడా ఆయనే తీసి ఇచ్చి వెళ్లారు. పన్నెండూ యాభై అయిదు. సంతకం ఉంటుంది చూడండి."

ఉంది.

"చంపాల్సిన అవసరం ఏమొచ్చింది?" అన్నాడు షల్కామీ. అతని గొంతులో వెటకారం తగ్గింది, మొండితనం తగ్గలేదు.

నేను రిజిస్టరు వెనక్కి తిప్పాను. పదిహేడో నంబరు. షహాతా. వైద్యం మొదలైనప్పుడు పదిహేను నిమిషాలకు అర గ్రాము కూడా లేదు. మూడు నెలల తర్వాత నాలుగున్నర గ్రాములు. పక్కన 'గణనీయమైన మెరుగుదల' అని రాసి ఉంది.

"ఈ దస్తూరీ ఎవరిది?"

"నాది," అంది సుహైర్.

"షహాతా నోరు బాగుపడిందని మీరు రాశారు. తొమ్మిదేళ్లుగా తడి లేదని గంట క్రితం మీరే చెప్పారు. రెండింట్లో ఏది అబద్ధం?"

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

"గొట్టాల్లోకి పట్టేది హాతిమ్ గారు, లోపలి గదిలో. నేను తూచి రాసేదాన్ని. నా చేతికొచ్చిన గొట్టంలో నిజంగానే నాలుగున్నర గ్రాములు ఉండేవి. కానీ బయటికొచ్చిన షహాతా బాబాయ్ తిన్నగా కుళాయి దగ్గరికే పరుగెత్తేవాడు. రెండు నెలలు చూశాను. చూసి కూడా రాశాను. నా డాక్టరేట్ ఈ అంకెల మీదే నిలబడింది. వచ్చే నెల దానికి మౌఖిక పరీక్ష. ఆ రోజుకని అమ్మకి కొత్త బట్టలు కూడా కుట్టించాం."

"తర్వాత?"

"ఆదివారం ఉండబట్టలేక ఫిక్రీ గారికి చెప్పేశాను. ఎవరిదో లాలాజలం కలుపుతున్నారని. ఆయన నన్నేమీ అనలేదు. 'రేపు పదిహేడో నంబరును నేనే కూర్చోబెడతానమ్మా,' అన్నారు. అప్పుడు తలుపు దగ్గర హాతిమ్ గారు నిలబడి ఉన్నారు." తన దస్తూరీ మీద అరచెయ్యి పెట్టింది. "మంగళవారం షహాతా బాబాయ్‌ని తీసుకెళ్లారని విని, నోరు విప్పితే నా సంతకాలూ బయటపడతాయని ఊరుకున్నాను. మీరు ఆరు గంటలు నీళ్లివ్వలేదు. నేను రెండు రోజులు నిజం చెప్పలేదు. మిమ్మల్ని అడిగే మొహం నాకూ లేదు."

షల్కామీ నిట్టూర్చాడు. "బాగుంది. కోర్టులో ఏం చూపిస్తావు? అంకెలు దొంగవని ఈవిడ మాట. గ్రంథులు పనిచేస్తున్నాయని హాతిమ్ మాట. ఇప్పుడు పరీక్ష చేయిస్తే దవడ వాచిన నోరు ఎలాగూ ఎండే ఉంటుంది, వాపు వల్లేనంటాడు హాతిమ్."

అతను చెప్పింది నిజమే. వాపు రాకముందు షహాతా నోరు ఎండి ఉందనడానికి ఒకే ఒక్క సాక్ష్యం ఉంది. మంగళవారం నా గదిలో తీసిన వీడియో. మొదటి గంటలోనే షహాతా ఇంకో మాట కూడా అన్నాడు, ఇప్పుడు చెవిలో మోగుతోంది: "నేను టీ పెట్టేసరికే దొరగారి గడ్డం తడిసిపోయి ఉంది బాషా, రుమాలు పిండేలా ఉంది, వెళ్లిపొమ్మని చెయ్యి ఊపారు." నేనది రాసుకోలేదు. నాకు కావలసిన మాట అది కాదు.

"విచారణ వీడియో ఉంది," అన్నాను.

"లేదు."

"అంటే?"

"నిన్న చెరిపించేశాను." షల్కామీ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ మంచికే. ఆరు గంటలు ముసలివాణ్ని నీళ్లకి ఏడిపించావు. అది బయటికొస్తే నీ ఉద్యోగం కాదు, నువ్వే లోపలికి పోతావు. నేను నీ పోటీవాణ్నే, శత్రువుని కాదు."

అతని కళ్లలో నిజంగానే జాలి ఉంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గేసింది అప్పుడే. ఎందుకంటే ఒక్క క్షణం నా గుండె తేలికపడింది. వీడియో లేదంటే, నేను ఆ గదిలో ఎలా ఉన్నానో నా కూతురు ఎప్పటికీ చూడదు.

షల్కామీ చెయ్యి తీసేసి, సుహైర్‌ను ఒక తెల్లకాగితం అడిగాను.

"ఏం రాస్తున్నావు?"

"వాంగ్మూలం. నాదే."

నిలబడే రాశాను. ఎన్నింటికి మొదలుపెట్టాను, ఎన్నిసార్లు నీళ్లడిగాడు, జగ్గు ఎక్కడ పెట్టాను, నాలుక ఎలా అతుక్కుపోయింది, కన్ను ఎలా పొడిగా ఉంది, ఒప్పుకోలు మాటలు ఎవరివి. రుమాలు సంగతి రాశాను. వీడియో ఎవరు చెరిపించారో కూడా రాశాను. సంతకం పెట్టి, సమయం వేసి సుహైర్‌కు ఇచ్చాను. పదకొండూ ఇరవై.

"పిచ్చెక్కిందా నీకు?" షల్కామీ గొంతు సన్నబడింది. "నన్ను కూడా ముంచుతున్నావు."

"నేను మొదట మునిగాను. ఇప్పుడు హాతిమ్ ఎక్కడున్నాడో చెప్పు."

అతను చొక్కా మెడ సవరించుకున్నాడు.

"పొద్దున నా ఆఫీసుకి వచ్చాడు. షహాతా తమ విభాగం మనిషని, జబ్బు సంగతి తనకే బాగా తెలుసని, చూడ్డానికి అనుమతి కావాలన్నాడు. నోటికి మందు ఇస్తానన్నాడు. రాసిచ్చాను."

"ఎన్నింటికి వెళ్తానన్నాడు?"

"పదకొండుకి."

సుహైర్ స్టూలు మీంచి లేచిన కుదుపుకి త్రాసు అంకెలు కదిలాయి. వార్డు కానిస్టేబుల్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. నర్సుల బల్ల ఫోన్ ఖాళీగా లేదు. షల్కామీ నాకంటే ముందే తలుపు దగ్గరకు చేరాడు. ఆ విషయంలో అతన్ని తప్పుపట్టలేను. కారు అతనే నడిపాడు. దారిలో ఎర్ర దీపాలను లెక్కచేయలేదు. హాతిమ్‌కు కావలసింది ఏమిటో ముగ్గురికీ తెలుసు. నేరం ఒప్పుకున్న మనిషి కస్టడీలో పోతే కేసు మూతపడుతుంది, ఎండిన నోరు కూడా మట్టిలో కలుస్తుంది.

పదకొండూ ముప్పై ఒకటికి మూడో అంతస్తు ఎక్కాం. ఖైదీల గది తలుపు మూసి ఉంది. కానిస్టేబుల్ లేచి నిలబడి, "డాక్టరు గారు లోపలున్నారు బాషా, మేజరు గారి చీటీ తెచ్చారు," అన్నాడు.

తలుపు నెట్టాను.

మంచం పక్కన పొడవాటి మనిషి వంగి ఉన్నాడు. శుభ్రంగా గీసుకున్న గడ్డం, ఖరీదైన కళ్లజోడు, చేతిలో నీళ్ల గ్లాసు. షహాతా దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నోరు బిగించి ఉంది. కుడి చెయ్యి పిడికిలి.

"మంచి సమయానికి వచ్చారు మేజర్," అన్నాడు హాతిమ్, నన్ను దాటి షల్కామీని చూస్తూ. "అరగంట నుంచి బతిమాలుతున్నాను. ఈ ముసలాయన మందు మింగనంటాడు. కాస్త మీరు చెప్పండి."

షల్కామీ తలుపు గడియ వేసి దానికి వీపు ఆనించాడు. హాతిమ్ నీళ్ల గ్లాసును మంచం పక్క బల్ల మీద పెట్టాడు.

షహాతా నన్ను అప్పుడే చూశాడు. చూడగానే కళ్లు దించుకున్నాడు. పిడికిలి విప్పాడు. అరచేతి మధ్య తెల్లటి మాత్ర ఉంది, చెమ్మ కూడా తగలని చేతిలో చెక్కుచెదరకుండా.

"మీరొచ్చేదాకా ఆగాను బాషా," అన్నాడు. మాట బొంగురుగా, అతుక్కుంటూ వచ్చింది. "మంగళవారం మీరు చెప్పారు కదా, నా అనుమతి లేకుండా ఏదీ నోట్లో పెట్టొద్దని. ఈయన పెద్ద డాక్టరేనండీ, కానీ మీరు కోప్పడతారేమోనని. ఇప్పుడు మింగమంటారా?"

నా అరచెయ్యి చాచాను. మాత్ర అందులో పెట్టడానికి ఆ ముసలాయన, సెలైన్ గొట్టం లాగుతున్నా లెక్కచేయకుండా, మంచం దిగి నా ముందు నిటారుగా నిలబడబోయాడు.